మొదటిసారి ఫెరారీ చేతికొచ్చింది, మిషన్ ముట్టుకోవాలంటే భయంగా ఉంది

బెజవాడ బఫర్ · విజయవాడ · సోమవారం రాత్రి 11:20

అందరికీ నమస్కారం. పటమటలో రెండేళ్లుగా చిన్న డీటెయిలింగ్ షాపు (కార్లు కడిగి, గీతలు తీసి పాలిష్ పెట్టేది) నడుపుతున్నాను. క్రెటాలు, ఇన్నోవాలు, అప్పుడప్పుడు ఒక బీఎండబ్ల్యూ వస్తుంటాయి. మొన్న ఒకాయన ఫోన్ చేసి గురువారం ఫెరారీ 458 ఇటాలియా తెస్తానన్నారు. 2012 బండి, నలుపు మెటాలిక్. రెండేళ్ల కిందట వేరే ఊళ్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారట. కొన్న కొత్తలో ఒక షాపులో పాలిష్ పెట్టిస్తే వారం రోజులు అద్దంలా ఉందట. నాలుగు వాషులయ్యేసరికి గీతలన్నీ మళ్లీ తేలాయన్నారు.

నేను వెళ్లి చూసొచ్చాను. పెట్రోల్ బంకు లైట్ల కింద బానెట్ మొత్తం సాలెగూడులా సన్న గీతలు. ఎండలో పక్కకి వంగి చూస్తే పొడుగాటి హోలోగ్రాములు, అంటే పాలిష్ మిషన్ వదిలిన మెరుపు చారలు, మిషన్ ఏ దారిలో తిరిగిందో చెప్పేయొచ్చు. ఆయన అడిగింది ఒక్కటే: "వంద శాతం కొత్త బండిలా చెయ్యగలవా?" చూసి చెప్తానండి అని వచ్చేశాను.

నా దగ్గర రూపెస్ 15 ఎంఎం డీఏ (ఊగుతూ తిరిగే పాలిష్ మిషన్) ఉంది, ఒక పాత రోటరీ (ఒకే చోట గిర్రున తిరిగేది) ఉంది, మెన్‌జెర్నా కాంపౌండ్లు (గీతల్ని కోసే పాలిష్‌లు) ఉన్నాయి. పెయింట్ మందం చూసే మీటరు కూడా ఉంది కానీ చవకది, ఇనుము మీదే చదువుతుంది. ఇంతవరకూ దాని అవసరం పెద్దగా పడలేదు. రెండు రాత్రులుగా నిద్ర లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

రబ్బింగ్ మాస్టర్ · గుంటూరు · సోమవారం రాత్రి 11:52

ఇంత భయం దేనికి తమ్ముడూ? ఎంత ఫెరారీ అయినా పైనుండేది పెయింటేగా. ఉన్ని ప్యాడు పెట్టు, రోటరీ 1800 స్పీడులో తిప్పు, కటింగ్ కాంపౌండ్ ఒక చుట్టు, ఫినిషింగ్ ఒక చుట్టు. మధ్యాహ్నం భోజనం టైముకి బండి అప్పజెప్పేయొచ్చు. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని నాది. చేతిలో పట్టుంటే చాలు.

జగిత్యాల అన్న · హైదరాబాద్ · మంగళవారం ఉదయం 6:10

గుంటూరు అన్నా, నీ అనుభవానికి దండం. కానీ ఈ ఒక్క మాటకు అడ్డం వస్తున్న, ఏమనుకోకు.

తమ్మీ, నేను దుబాయ్ పోయినప్పుడు మొదట దొరికిన పని బిల్డింగుల కింద కార్లు కడుగుడు. ఒక బకెట్, ఒక గుడ్డ. పొద్దుగాల నాలుగింటికి మొదలువెడితే ముప్పై బండ్లు. ఇసుక దుమ్ము పట్టిన బండిని అదే గుడ్డతోని తుడిచి, అదే నీళ్లల్ల ముంచి, ఇంకో బండికి పోతుంటిమి. ఎన్ని బండ్లకు గీతలు పెట్టిన్నో లెక్క లేదు. అప్పుడు తెల్వది. తర్వాత అల్ కూజ్‌ల ఒక షాపుల కుదిరి ఏడేండ్లు చేసిన. అక్కడ మా ఫోర్‌మన్ ఆర్నెల్ల దాక నా చేతికి మిషన్ ఇయ్యలె. మీటర్ ఇచ్చిండు. "రోజూ వచ్చే ప్రతి బండి కొలువు, కాగితం మీద రాయి" అన్నడు. కోపమొచ్చేది. ఇప్పుడు ఆ మనిషిని రోజూ తల్సుకుంట.

ముందుగాల తెల్సుకోవాల్సింది ఇది. 458 బాడీ అల్యూమినియం. నీ మీటర్ దాని మీద ఉత్తగ బీప్ అంటది, చదవది. ఇనుము, అల్యూమినియం రెండూ చదివేది కావాలె. బంపర్లు ప్లాస్టిక్, వాటి మీద అదీ పనిచెయ్యది. దానికి అల్ట్రాసోనిక్ మీటర్ వేరే ఉంటది, మస్తు ధర. అది లేకుంటే బంపర్ల జోలికి తక్కువ పోవుడే మంచిది.

మన వెంట్రుక ఎంత మందం? 70 మైక్రాన్లు అనుకో, మైక్రాన్ అంటే మిల్లీమీటర్ల వెయ్యో వంతు. కంపెనీ వేసిన క్లియర్ కోట్, అంటే రంగు మీద ఉండే అద్దమసొంటి పొర, మామూలుగ 40, 50 మైక్రాన్లే. అంటే వెంట్రుక కన్న సన్నం. ఎండల యూవీని ఆపే మందు ఉండేది ఆ పొరలనే. కాంపౌండ్ పెట్టి కోసిన ప్రతిసారి రెండు, మూడు మైక్రాన్లు పోతయి. పోయింది మళ్ల రాదు. కిందటి షాపువాడు ఎంత తీసిండో నీకు తెల్వది, అంతకు ముందు ఓనర్ ఏం చేయించిండో అసలే తెల్వది. ఆ బండి బ్యాంకు బుక్కు చూడకుండ చెక్కు రాస్తవా?

ఫ్రిస్కో నురగ · టెక్సాస్ · మంగళవారం ఉదయం 7:45

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, ఇది వారాంతాల్లో చేసే పని. స్నేహితుల బండ్లు చేసి పెడుతుంటాను, ప్రాణం పెట్టి నేర్చుకున్నాను.

నాలుగు వాషులకి గీతలు తిరిగొచ్చాయన్నారు చూడండి, అసలు విషయం అక్కడే ఉంది. గీతలు తిరిగి రాలేదు, అవి ఎక్కడికీ పోలేదు. గ్లేజులు అనే మెరుపు పూతలు, కొన్ని కాంపౌండ్లలోని నూనెలు గీతల్లో నిండి వాటిని కప్పేస్తాయి. షాంపూతో ఆ నూనె కరిగిపోగానే బయటపడతాయి. అందుకని మీరు ఏ ప్యానెల్ మీద పనిచేసినా, నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి అప్పుడు లైటు వేసి చూడండి. తుడవకముందు కనిపించే మెరుపుని నమ్మొద్దు.

రెండోది టెస్ట్ స్పాట్. బానెట్ మీద అడుగున్నర చదరం టేపు కట్టుకోండి. అన్నిటికన్నా మెత్తని ప్యాడు, అన్నిటికన్నా సన్నని పాలిష్‌తో మొదలుపెట్టండి. పోకపోతేనే ఒక మెట్టు పైకి. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టుకుని చూడమా? అలాగే. చాలామంది నేరుగా పెద్ద కటింగుతో మొదలుపెడతారు, నాకు అది చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఒక విషయం పంచుకోవాలని ఉంది. ఇక్కడ ఒక కార్ల మేళాలో ఫెరారీ ఎఫ్40 దగ్గరగా చూశాను. 1987లో వచ్చిన బండి. బరువు తగ్గించడానికి దానికి పెయింట్ ఎంత పల్చగా వేశారంటే, ఎరుపు కింద కార్బన్, కెవ్లార్ పోగుల నేత వెలుగులో కనబడుతుంది. చీర పోగులు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టొచ్చు. దాని మీద మిషన్ పెట్టేవాడి చెయ్యి ఎలా ఉండాలో ఆలోచించండి. మీ 458 అంత నాజూకు కాదు, కానీ ఆ గౌరవం మాత్రం దీనికీ ఇవ్వాలి.

ఆటోనగర్ పెయింటర్ · విజయవాడ · మంగళవారం రాత్రి 9:30

బాబూ, నాది మన ఆటోనగర్‌లోనే. ముప్పై ఒక్క ఏళ్లుగా స్ప్రే గన్ను పట్టుకున్నాను. రెండు రకాల లోహం చదివే మీటరు నా దగ్గరుంది. రేపు వచ్చి పట్టుకెళ్లు, పనయ్యాక తెచ్చిచ్చేయి, డబ్బులేం వద్దు.

కొలిచేటప్పుడు అంచుల దగ్గర ఎక్కువ చోట్ల చూడు. పెయింట్ తడిగా ఉన్నప్పుడు అంచు మీంచి పక్కకి జారుతుంది, అందుకని అంచు మీద ఎప్పుడూ పల్చనే. రోటరీ కాల్చేది కూడా అక్కడే. 458 ఫెండర్ల మీద, డోరు మీద పదునైన మడతలున్నాయి, వాటన్నిటి మీద టేపు వెయ్యి. పక్క ఫెండర్ల మీద గుర్రం షీల్డులుంటే అవీ, హెడ్‌లైట్ల పక్క సందులూ, వెనక ఇంజన్ జాలీలూ అన్నీ మూసెయ్యి. కాంపౌండ్ దుమ్ము అక్కడ చేరితే పళ్లపుల్లతో తీసినా రాదు.

రబ్బింగ్ మాస్టరు గారూ, రోటరీ చెడ్డదని నేననను. నేను పెయింటేశాక 2000 నంబరు వాటర్ పేపరు (తడిపి రుద్దే సన్న గరుకు కాగితం) కొట్టిన చోట రోటరీయే వాడతాను. కానీ అక్కడ క్లియర్ ఎన్ని కోట్లు పోశానో నాకు తెలుసు. పరాయి వాడు వేసిన పెయింటు మీద ఆ ధైర్యం నాకు లేదండి.

పల్చటి పొర · బెంగళూరు · బుధవారం ఉదయం 8:15

నేను పెయింట్ ల్యాబులో పనిచేస్తాను. ఒకటి రెండు విషయాలు చెప్తాను, పని చేసేటప్పుడు కళ్లకి సాయపడతాయి.

సాలెగూడు గీతలు గుండ్రంగా ఎందుకు కనబడతాయో ఎప్పుడైనా గమనించారా? అవి గుండ్రంగా గీసుకోలేదు. గుడ్డ ఏ దిక్కున పోతే ఆ దిక్కున పడిన వేల సన్న గీతలు ఉంటాయి. లైటుకి అడ్డంగా ఉన్నవి మాత్రమే వెలుగుని మన కంటికి తిప్పుతాయి, అందుకని లైటు చుట్టూ వలయంలా కనబడుతుంది. లైటు జరిపితే వలయం కూడా జరుగుతుంది. కాబట్టి ఒకే దిక్కునుంచి చూసి పోయాయనుకోవద్దు. నాలుగు వైపులనుంచీ చూడండి.

మీటరు ఒక్కసారి చూపిన అంకెని నమ్మకండి, అది రెండు మైక్రాన్లు అటూ ఇటూ తప్పొచ్చు. ఒకే చోట అయిదు సార్లు చూసి సగటు రాసుకోండి. ఇంకోటి, ఆ మీటరు చూపేది మొత్తం మందం: ప్రైమరు, రంగు, క్లియర్ అన్నీ కలిపి. 130 చూపింది కదా అని 130 మన చేతిలో ఉన్నట్టు కాదు.

వేడి సంగతి. అల్యూమినియం వేడిని చప్పున పక్కకి లాగేస్తుంది. ప్లాస్టిక్ బంపరు లాగదు, మిషన్ కింద వేడంతా అక్కడే కూర్చుంటుంది. చేత్తో పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఒకటి కొనుక్కోండి.

బెజవాడ బఫర్ · విజయవాడ · గురువారం రాత్రి 10:40

బండి వచ్చింది. ఇవాళ మిషన్ ముట్టలేదు. పొద్దున్నుంచి సాయంత్రం వరకూ కడగడం, కొలవడం, అంతే.

ముందు నురగ పోసి పది నిమిషాలు వదిలి కడిగాను. తర్వాత రెండు బకెట్లు, అడుగున జాలీలు, ఊలు మిట్టు (చేతి తొడుగు), పైనుంచి కిందికి. ఆ తర్వాత ఐరన్ రిమూవర్ (ఇనుప రజను కరిగించే ద్రవం) కొడితే వెనక భాగమంతా వంకాయ రంగు కారింది! ఓనరు గారి ఇల్లు రైలు పట్టాల పక్కనే. చక్రాలు, బ్రేకుల నుంచి లేచే ఇనుప రజను రెండేళ్లుగా పెయింట్‌లో గుచ్చుకుని ఉంది. అది తియ్యకుండా ప్యాడు పెట్టి ఉంటే దాన్నే పట్టుకుని రుద్దేవాణ్ణి. ఈ బండికి సిరామిక్ బ్రేకులు కాబట్టి డిస్కుల మీద పడకుండా చూశాను. మా బోరు నీళ్ల టీడీఎస్ (కరిగిన ఉప్పులు) ఎక్కువ, అందుకని ఆఖరి కడుగు ఆర్వో నీళ్లతో చేశాను.

గురువుగారు ఇచ్చిన మీటరుతో నూట అరవై చోట్ల కొలిచాను. అన్నీ మైక్రాన్లలో: రూఫ్ 140 నుంచి 145. బానెట్ 128 నుంచి 135. ఎడమ డోరు 130. కుడి డోరు కింది భాగంలో, మడత దగ్గర మాత్రం 94, 96. వెనక ఎడమ ఫెండరు 310 చూపించింది. మీటరు పాడైందనుకుని మళ్లీ సున్నాకి సెట్ చేసి చూశాను. 310, 305, 318.

ఇది రీపెయింటే కదా? ఓనరు గారికి ఈ విషయం తెలియదు. బండికి చిన్న గీత కూడా పడలేదని చెప్పి అమ్మారట ఆయనకి.

ఆటోనగర్ పెయింటర్ · విజయవాడ · గురువారం రాత్రి 11:05

రీపెయింటే. డోరు సందులో, ఫెండరు అంచున గోరు పెట్టి చూడు, టేపు గీత తగలొచ్చు. ఇంకా ఎక్కువ, అంటే వెయ్యి దాటి చూపితే సొట్ట పూడ్చిన లప్పం ఉన్నట్టు. 310 అంటే లోపల దెబ్బ లేకపోవచ్చు, గీత పడితే పాత రంగు మీదే మళ్లీ వేసి ఉంటారు. ఆ ఫెండరు మీద క్లియరు మెత్తగా ఉండొచ్చు, దానికి వేరే టెస్ట్ స్పాట్ పెట్టుకో.

94 ఉన్న చోట ఎవరో గీత పోగొట్టాలని గట్టిగా కోశారు. అక్కడ కటింగ్ వద్దు బాబూ.

రబ్బింగ్ మాస్టర్ · గుంటూరు · గురువారం రాత్రి 11:30

మీరంతా చెప్పేది వింటున్నాను. కానీ ఒక మాట. ఫెండరు సంగతి ఓనరుకి చెప్తే నువ్వే ఏదో చేశావంటాడు. లేదా బాధపడి బండి తీసుకెళ్లిపోతాడు. నీ పని నువ్వు చేసుకో తమ్ముడూ, అమ్మినవాడి పాపం నీకెందుకు? నీ మంచికే చెప్తున్నాను.

జగిత్యాల అన్న · హైదరాబాద్ · శుక్రవారం ఉదయం 5:50

అన్నా, ఆ భయం నాకూ ఉండేది. అల్ కూజ్‌ల ఒకసారి నేను చెప్పలె. లాంబోర్గిని డోరు, ముందే పల్చగున్నది. మీటర్ల చూసిన, రాసుకున్న, నోరు మూసుకున్న. పని మంచిగనే అయింది. ఆర్నెల్లకు ఎండకు ఆ డోరు మీద క్లియరు పొక్కులు లేచి ఊడిందని బండి వాపసు వచ్చింది. ముందే అట్లున్నదని చెప్తే ఎవరు నమ్ముతరు? కంపెనీ నా జీతంల కోసింది. పైసల కన్న ఆ ఓనర్ నా మొఖం దిక్కు చూసిన చూపు యాదికుంటది.

తమ్మీ, మిషన్ ముట్టకముందే చెప్పు. మీటర్ ఆయన చేతికే ఇయ్యి, ఆయననే పెట్టి చూసుకోమను. ఫోటోలు దియ్యి. కాగితం మీద బండి బొమ్మ గీసి అంకెలు రాసి ఇద్దరూ సంతకం పెట్టుండ్రి.

ఫ్రిస్కో నురగ · టెక్సాస్ · శుక్రవారం ఉదయం 8:00

జగిత్యాల అన్న మాటే నా మాట. "వంద శాతం" అన్న మాట కూడా అప్పుడే తేల్చుకోండి. వేలిగోరు తగిలి ఆగే గీతని పూర్తిగా తియ్యాలంటే దాని లోతు వరకూ చుట్టూ ఉన్న క్లియరంతా దించాలి. దాని అంచులు గుండ్రం చేసి కంటికి ఆనకుండా చేయొచ్చు, అక్కడితో ఆపెయ్యాలి.

బెజవాడ బఫర్ · విజయవాడ · శుక్రవారం మధ్యాహ్నం 3:15

చెప్పాను. మీటరు ఆయన చేతికిచ్చాను. ఎడమ ఫెండరు మీద మూడు సార్లు, రూఫ్ మీద ఒకసారి పెట్టి చూశారు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "రెండేళ్లలో దీని గురించి నాకు నిజం చెప్పింది నువ్వే" అన్నారు. వంద శాతం వద్దు, బండికి మంచిదేదో అది చెయ్యమన్నారు. వారం టైమిచ్చారు.

పల్చటి పొర · బెంగళూరు · శుక్రవారం సాయంత్రం 6:20

చదివి కళ్లు చెమర్చాయి. నిదానంగా చెయ్యండి. పగలు ఎండ మండుతుంటే పాలిష్ తొందరగా ఆరిపోతుంది, ఏసీ లేకపోతే రాత్రిళ్లు చెయ్యండి.

బెజవాడ బఫర్ · విజయవాడ · మరుసటి బుధవారం రాత్రి 11:50

అయిదు రాత్రులు పట్టింది. వివరంగా రాస్తాను, నాలాంటివాళ్లకి పనికొస్తుంది.

టెస్ట్ స్పాట్‌లో మెత్తని ఫోమ్ ప్యాడు, మెన్‌జెర్నా 3800 (సన్నని ఫినిషింగ్ పాలిష్)తో మొదలుపెట్టాను. హోలోగ్రాములు పోయాయి, సాలెగూడు సగమే పోయింది. ఒక మెట్టు ఎక్కి మీడియం ఫోమ్, ఇంకాస్త గట్టిగా కోసే 2500 పెట్టాను. ఆల్కహాల్‌తో తుడిచి నాలుగు వైపులా లైటు వేశాను. ఎనభై శాతం పైనే పోయాయి. ఇంకో మెట్టు ఎక్కాలనిపించింది. అప్పుడు అన్న చెప్పిన బ్యాంకు బుక్కు గుర్తొచ్చి ఆగాను. బండంతా అదే జోడీ.

అడుగున్నర చదరం చొప్పున, నిలువు నాలుగు, అడ్డం నాలుగు, సగం మీద సగం పడేలా. మొదటి రాత్రి చెయ్యి తొందరపడేది. సెకనుకి అంగుళం చొప్పున నడపడానికి నోట్లో అంకెలు లెక్కపెట్టుకున్నాను. ప్రతి చదరం తర్వాత ప్యాడుని గాలితో ఊది, నాలుగు చదరాలకొకసారి ప్యాడు మార్చాను. మొత్తం ఇరవై రెండు ప్యాడులు వాడాను. ఇంతకుముందు ఇన్నోవాకి రెండు ప్యాడులతో సరిపెట్టేవాణ్ణి, ఆ బండ్లకి అన్యాయం చేశానని ఇప్పుడు తెలుస్తోంది.

ఎడమ ఫెండరు గురువుగారు చెప్పినట్టే మెత్తగా ఉంది. 2500 పెడితే సన్నని పొగలాంటి మసక వచ్చింది. అక్కడ 3800తోనే సరిపెట్టాను, దానికే శుభ్రంగా తేలింది. కుడి డోరు 94 ఉన్న చోట చేత్తోనే, ఫినిషింగ్ పాలిష్‌తో నాలుగైదు సార్లు. ఒక గీత అలాగే ఉంది, ఓనరు గారికి చూపించాను. బంపర్లకి మూడంగుళాల చిన్న మిషను, తక్కువ స్పీడు. థర్మామీటరు 45 డిగ్రీలు దాటితే ఆగాను.

పనయ్యాక మళ్లీ కొలిచాను. రూఫ్ 142 ఉన్న చోట 140. బానెట్ 131 ఉన్న చోట 129.

షాపు బయట పొద్దున ఎండలో పెట్టాం. రూఫ్ మీద ఎదురు మేడమీద ఆరేసిన బట్టల రంగులు కూడా తెలుస్తున్నాయి.

రబ్బింగ్ మాస్టర్ · గుంటూరు · గురువారం ఉదయం 7:30

తమ్ముడూ, రెండుసార్లు చదివాను. నిన్న ఒక మీటరు తెప్పించి నా సొంత స్విఫ్ట్ బానెట్ కొలిచాను. ప్రతి దీపావళికీ నేనే రబ్బింగ్ కొట్టుకునే బండి. అంచున 61 చూపించింది, మధ్యలో 80. ఇన్నాళ్లూ కస్టమర్ల బండ్లకి ఎంత తీశానో తలుచుకుంటే మనసు బాగాలేదు. డీఏ మిషను ఏది కొనమంటావు?

బెజవాడ బఫర్ · విజయవాడ · గురువారం ఉదయం 9:05

అన్నా, మీరు పటమట రండి, నా మిషన్ మీద చేసి చూసుకుని కొందురుగాని. భోజనం మా ఇంట్లోనే.

ఇక కోటింగ్ గురించి సలహా కావాలి. ఓనరు గారు 9హెచ్ సిరామిక్ కోటింగ్ (పెయింట్ మీద వేసే రక్షణ పూత) వేస్తే గీతలు పడవని విన్నారట.

పల్చటి పొర · బెంగళూరు · గురువారం మధ్యాహ్నం 1:10

ఆ 9హెచ్ పెన్సిల్ కొలత. పెన్సిల్ గట్టిదనంతో గీసి చూసే పరీక్ష అది. వజ్రానికి 10 ఇచ్చే, ఖనిజాల గట్టిదనం చెప్పే మోస్ కొలత వేరు. మన రోడ్ల దుమ్ములో గ్రానైటు పొడి ఉంటుంది, అందులో క్వార్ట్జ్ మోస్ మీద 7. ఏ సిరామిక్ కోటింగూ దానికి నిలవదు. కోటింగ్ వల్ల నీళ్లు నిలవవు, దుమ్ము తేలిగ్గా పోతుంది, పక్షి రెట్ట కాస్త ఆలస్యంగా కొరుకుతుంది. అది చాలు, దాన్ని దానికోసమే వెయ్యండి.

జగిత్యాల అన్న · హైదరాబాద్ · గురువారం మధ్యాహ్నం 2:00

ఆయన హైదరాబాద్ రోడ్డు మీద తిప్పుతడా? అయితే ముందు బంపరుకు, బానెట్‌కు, సైడు అద్దాల వెనక డొప్పలకు పీపీఎఫ్ (పెయింట్ మీద అంటించే ప్లాస్టిక్ ఫిల్మ్) వేయించుకోమను. లారీల కింద నుంచి ఎగిరే కంకర రాయికి సిరామిక్ ఆగది. ఫిల్మ్ 150 నుంచి 200 మైక్రాన్లుంటది, రాయి దెబ్బ అది తీసుకుంటది. ఇప్పుడు పెయింట్ సాఫ్ అయింది కాబట్టి వెయ్యడానికి ఇదే టైం.

ఇంకోటి అడుగుత. ఆ గీతలు అసలు పడ్డదెక్కడ? పొద్దుగాల తుడిచేదెవరు?

బెజవాడ బఫర్ · విజయవాడ · గురువారం రాత్రి 9:45

డ్రైవరు బాబాయ్. అంబాసిడర్ రోజుల నుంచి ఆ ఇంట్లోనే పనిచేస్తున్నారు. రోజూ తెల్లవారుజామున లేచి పొడి గుడ్డతో బండంతా తుడుస్తారు. ఒక్కరోజు మానలేదట. ఆ ప్రేమతోనే గీతలు పడ్డాయని ఎలా చెప్పాలో తెలియక, ఒక పాత సీడీ తెచ్చి దాని మీద కాస్త రోడ్డు దుమ్ము వేసి ఆయన గుడ్డతో ఆయన్నే తుడవమన్నాను. లైటు కింద పెట్టి చూసుకుని "రోజూ ఇదే చేశానా నాయనా" అని కూర్చుండిపోయారు.

ఇవాళ ఇద్దరం కలిసి రెండు బకెట్లతో కడిగాం. నాకన్నా నెమ్మదిగా, నాకన్నా బాగా చేశారు. నీళ్లు లేని రోజు ముట్టుకోవద్దు, దుమ్ముతోనే ఉండనివ్వండి అని చెప్పాను. అది ఒప్పుకోవడమే ఆయనకి కష్టమైంది. తర్వాత అడిగారు, దసరాకి ఆయుధపూజ ఎలా చెయ్యాలని. కిందటేడు బానెట్ మీద పసుపు రాసి, బొట్లు పెట్టి, వేలితో స్వస్తిక్ గీశారట. ఏం చెప్పను?

పల్చటి పొర · బెంగళూరు · గురువారం రాత్రి 10:10

పసుపు మరక పడితే రుద్దొద్దు, ఎండలో పెట్టండి, వెలుగుకి పసుపు రంగు దానంతటదే విరిగిపోతుంది. కుంకుమ రంగు అంత తేలిగ్గా పోకపోవచ్చు, అది పెయింట్ మీద పడకుండా చూసుకోవాలి.

ఆటోనగర్ పెయింటర్ · విజయవాడ · గురువారం రాత్రి 10:30

మా షెడ్డులో ముప్పై ఏళ్లుగా పసుపు కుంకుమ నంబరు ప్లేటుకి, టైర్లకి పెడతాం. దండ అద్దం ముందు వేస్తాం, బానెట్ మీద తీగ తగలకుండా. బాబాయ్‌ని దసరాకి ముందు రోజు నా దగ్గరికి తీసుకురా, నేను చూపిస్తాను. వచ్చేటప్పుడు మీటరు కూడా పట్రా బాబూ, శనివారం ఒక బండి ఉంది.